కన్నప్ప పాదము, 150 పదములు

చిత్రకళాప్రదర్శనములను నిర్వహించు మహాశయులకు,

శ్రీకాళహస్తి నుండి ఒక విశ్రాంత తెలుగు పండితుడు నమస్కరించి వ్రాయునది.

ఈ లేఖ నిజమునకు మీలో ఒక్కరికి చేరవలసినది. అయినను ఆ యొక్కరి పేరు వెల్లడించుటకు నాకు మనసొప్పలేదు. తప్పు ఒకరిదే యైనను అలవాటు మాత్రము అందరిదియు ననియే నా యనుమానము. కావున అందరికిని వ్రాయుచున్నాను.

ఉద్యోగవిరమణము చేసినది మొదలు నాకొక క్రొత్తవృత్తి సంక్రమించినది. మా యూరి కలంకారీ పనివారు తాము గీసిన వస్త్రములను ప్రదర్శనములకు పంపదలచినప్పుడెల్ల, దరఖాస్తు కాగితములు చేతబట్టుకొని మా యింటి అరుగుమీదికి వత్తురు. పేరు, వయస్సు, గుడ్డ పొడవు వెడల్పులు, ధర, ఇవన్నియు వారే నింపుకొని తెత్తురు. కడపట ఒక గడి మాత్రము ఖాళీగా నుండును. “మీ కళాసాధనను గురించి మీ మాటలలో 150 పదములకు మించకుండ వ్రాయుడు” అని దానిపై అచ్చువేసి యుండును. ఆరు గజముల గుడ్డమీద రామాయణమును ఆరు కాండములును గీసివేయునప్పుడు ఒక్కచోటను తడబడని చేయి ఆ రెండంగుళముల గడికడకు వచ్చునప్పటికి చెమటపట్టి నిలిచిపోవును. “మీ మాటలలో” అని మీరు స్పష్టముగా నుడివి యుండగా వారు నా మాటలకై వచ్చుటయు, నేను కాదనక వ్రాసి యిచ్చుటయు న్యాయము కాదనుట నెరుగుదును. ఈ వ్యవహారమున నేరము కొంత నాదియు నున్నదని ముందుగనే యొప్పుకొనుచున్నాను. ముందునకు చదివినచో కొంత కాదు, చాలవరకు నాదే యని మీకు తోచినను తోచవచ్చును.

కడచిన సంవత్సరము అట్లు వచ్చినవారిలో నా పూర్వశిష్యురా లొకతె యున్నది. ఎనిమిదవ తరగతిలో ఆమెకు కందపద్యలక్షణము నేర్పితిని. నేర్పితినన్నమాట వాస్తవము, నేర్చుకొన్నదా లేదా యన్నది ఆమె చెప్పవలసిన మాట. తొమ్మిదవ తరగతికి రాకమున్నే ఇంటివారు చదువు మాన్పించిరి. అంతకు మున్నే, 1950ల దశకమున, అడుగంటుచుండిన ఈ కలంకారీ విద్యను నిలువబెట్టుటకై కమలాదేవీ చట్టోపాధ్యాయగారు పూనుకొనగా మా యూర నొక శిక్షణకేంద్రము వెలసినది. అందు నేర్చినవారు తమ యిండ్లలో మరికొందరికి నేర్పిరి. ఆ మరికొందరిలో ఒకరియొద్ద మా శిష్యురాలు కలము పట్టినది. ఇప్పుడామె కేబదిరెండేండ్లు. “అయ్యవారూ, ఈ గడి మీరే నింపాల” అని కాగితము నా ముందుంచి, పని యున్నదని వెళ్లిపోయినది.

మూడు దినములు శ్రమించి వ్యాసమొకటి కూర్చితిని. కళ యన నేమి, అరువదినాలుగు కళలలో చిత్రలేఖనమున కెట్టి స్థానము కలదు, సృష్టికర్తకును చిత్రకారునకును గల సామ్యమెట్టిది అని ప్రారంభించి, ‘కలంకారీ’ యను మాట పారసీకమున కలమునుండియు కారీనుండియు పుట్టినదనియు, మా పెద్దలు దీనిని ‘వ్రాతపని’ యనుచుండిరనియు, గోల్కొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణపు రేవునుండి ఈ జాతి వస్త్రములు ఓడలకెక్కి పారసీకమునకును ఐరోపాకును పోయెననియు, పెడనలో అచ్చులతో అద్దుదురు గాని కాళహస్తిలో చేతితో గీయుదురనియు, ఇట్లు విస్తరించితిని. అందు అసత్యమేమియు లేదు. లెక్కించి చూడగా 1,100 పదములైనవి. సాయంకాలమామె వచ్చి అరుగుమీద కూర్చుండి, తుదివరకు చెవియొగ్గి విని, కొంతసేపు మాటాడలేదు. పిదప, “చానా బాగుండాది అయ్యవారూ. అయితే దీంట్లో నేను యాడుండాను?” అనినది.

నేను వెదకితిని. ఆమె ప్రసక్తి మొదటిసారిగా ఏడువందల నలుబదియవ పదమున కలదు. అదియును “ఇట్టి మహోన్నత సంప్రదాయమునకు చెందిన ఈమె” యని, షష్ఠీవిభక్తి చాటున నిలిచి తొంగిచూచినట్లుండెను.

సంక్షేపింపవలెనని అప్పుడు గట్టిగా నిశ్చయించుకొంటిని. అయితే ఎట్లు? తెలుగుపండితునకు సంక్షేపము చేతనగును గాని, అది వేరు జాతి సంక్షేపము. అర్ధమాత్ర తగ్గింపగలిగిన వైయాకరణుడు కొడుకు పుట్టినట్లు సంబరపడునని మా గురువులు చెప్పెడివారు. అట్టి పుత్రోత్సవము లానాటి రాత్రి నాకు పదుల సంఖ్యలో జరిగినవి. రహస్యమేమనగా మీరు పదములను లెక్కింతురు గాని అక్షరములను లెక్కింపరు. మా భాషలోనో సమాసమను సౌకర్యమొకటి యున్నది. ‘వంశపరంపరాగతసహజవర్ణలేఖనవిద్యాభ్యాసజనితానందపరవశహృదయ’ యన్నచో మీ లెక్కకు అది యొక్క పదమే. ఈ మార్గమున 1,100 పదములను 146కు దింపితిని. ఒక్క భావమును వదలలేదు, ఒక్క విశేషణమును త్యజింపలేదు. అన్నిటిని మూటలుగా కట్టివైచితిని. మరునాడు ఆ మూటలను శిష్యురాలిముందు విప్పితిని. ఆమె మొదటి పంక్తిని తానే చదువ యత్నించి, నడుమ ఊపిరి తీసికొని, కాగితము క్రింద పెట్టి, “దీన్ని చదివేదానికే నాకు నోరు తిరగలేదే, ఆడ నిలబడినప్పుడు ఎవురన్నా ఇదేంది అని అడిగితే నేనేం చెప్పేది?” అనినది. సమాసములను సృష్టించిన మహర్షులు దీనికి సమాధానమేమియు వ్రాసి పెట్టలేదు.

గాయపడిన పండితుడు అలమరను తెరచును. ఆ రాత్రి నేను తీసినది శ్రీనాథుని కాశీఖండము. దరఖాస్తులలో మీరడుగు గడిని మా కవులు అవతారిక యందురు. కృతిపతి వంశవర్ణనము, ఇష్టదేవతాస్తుతి, కుకవినింద మొదలైనవన్నియు నందు సావకాశముగా సాగును. అట్టి సావకాశముల నడుమ శ్రీనాథుడు ఒక్క సీసపద్యమున తన జీవితమంతయు చెప్పివైచెను. పిలకజుట్టు ప్రాయమున మరుత్తరాట్చరిత్రము వ్రాసితిననియు, నూనూగు మీసములనాడు శాలివాహనసప్తశతిని చెప్పితిననియు, నిండు యౌవనమున నైషధమును తెనిగించితిననియు, ప్రౌఢవయస్సున భీమేశ్వరుని మహిమను కొనియాడితిననియు, వయస్సు మరింత వాలకమున్నే కాశీఖండమును చేయుచున్నాననియు ఆ పద్యతాత్పర్యము. ఎన్నిసార్లు పాఠము చెప్పియుందునో! పద్యపు నడకను మెచ్చుకొని, పిల్లలచేత వల్లెవేయించి, ముందునకు సాగిపోయితిని. ఆ రాత్రి మాత్రము వేరొక సంగతి తట్టినది. ఆ యైదింటిలో మొదటి రెండును నేడు మనకు లభింపవు. మరుత్తరాట్చరిత్రము పోయినది, సప్తశతి పోయినది. పిలకతో నొక బాలుడు కూర్చుండి ఒక కావ్యము వ్రాసెనను సమాచారము మాత్రము ఈ సీసమున నిలిచియున్నది. కవిసార్వభౌముడంతటివాడు, పొగడికొనుటకు ఏమాత్రము మొగమాటపడనివాడు, బిరుదములకు కొరతలేనివాడు. అయినను తన పనిని చెప్పవలసివచ్చినపుడు పేరును, ప్రాయమును, చేసినదానిని చెప్పెను. పోయిన పుస్తకములకు ఆ మాత్రపు ఆనవాలే మిగిలినది. ‘మహోన్నత సంప్రదాయ వారసుడను’ అని మాత్రమే చెప్పుకొని యుండినచో ఆ పిలక మన కంటబడెడిది కాదు.

పోతన సంగతి మరియు చిత్రము. కందపద్యమునకు అరువదినాలుగు మాత్రలు. ఒక మాత్ర పెరుగదు, ఒకటి తరుగదు. మీ గడికంటె కఠినమైన గడి. అందులో ఆయన, చెప్పబోవునది భాగవతమనియు, చెప్పించువాడు రాముడనియు, చెప్పినచో భవబంధములు తీరుననియు, కావున వేరొకదానిని చెప్పనేల యనియు ముగించెను. ఇంతకంటె కుదించిన కళాప్రకటనను నేను చూడలేదు. అయితే ఆ మాటలు చెప్పుటకు పోతన కావలెను. నాబోటివాడు ఒకరి తరఫున అట్టి మాట చెప్పినచో అది దరఖాస్తు కాదు, దొంగతనము.

మరునాడు కాగితము, కలము చంకనిడుకొని నేనే శిష్యురాలి యింటికి పోయితిని. ఇన్నేండ్లుగా ఆ వీధినుండియే నడచుచు, ఆ పని ముగిసిన వస్త్రములనే చూచితిని గాని, పని జరుగునప్పుడు కూర్చుండి చూచుట అదియే మొదలు. మీలో ననేకులు దీనిని చూచియే యుందురు, చూడనివారికొరకు చెప్పుదును. కోరా గుడ్డను ఉతికి, కరకకాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండవేయుదురు. పాలలోని జిడ్డు వలన తరువాత పెట్టు సిరా గుడ్డలో ప్రాకక గీసినచోటనే నిలుచును. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో మొదట బొమ్మ ఛాయగా వేసికొందురు. అది చెరుపవచ్చును, దిద్దవచ్చును. పిదప నల్లగీత. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లముతో కలిపి నీటిలో వారములు నానవేసినచో వచ్చు ‘కసిం’ అను రసమును వెదురుకలముతో గీయుదురు. ఆ కలము మొనకు పైగా ఉన్నియో గుడ్డయో చుట్టి దారముతో బిగింతురు. అది రసము పీల్చుకొని యుండగా వ్రేళ్లతో నొక్కుచు గీయవలెను. గీసినప్పుడు కసిం అంత నలుపుగా నుండదు; గుడ్డలోని కరకకాయ వగరు తగిలినంతనే నలుపెక్కును. ఒకసారి నలుపెక్కినదా, ఇక దానిని చెరుపుట యన్నది లేదు.

ఎరుపు సంగతి అడిగితిని. ఎర్రగా రావలసిన చోట నెల్ల ఎరుపు పూయుదురని నా యూహ. ఆమె నవ్వినది. ఎరుపు పూయరట. పటికనీరు పూయుదురట. పటికకు రంగు లేదు. అది పెట్టినచోట ఏమున్నదో కంటికి సరిగా తెలియదు. దానిని ఆరనిచ్చి, పారునీటిలో జాడించి, మంజిష్ఠ మొదలగు వేళ్లును చెక్కలును వేసి కాగు నీటిలో గుడ్డ నంతటిని ఉడికింతురు. పటిక పెట్టిన చోటనే ఎరుపు పట్టును. తక్కిన తావులయందు అంటినది పేడనీటిలో ఊరవేసి, ఇసుకమీద పరచి, నీరు చల్లుచు ఎండకు వేయగా విరిగిపోవును. ఒకప్పుడిదంతయు స్వర్ణముఖి యొడ్డుననే జరిగెడిది. ఏరు ఎండియుండు నెలలు ఇప్పుడెక్కువ. పిమ్మట కరకకాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలము, పసుపుపై నీలము పడినచోట ఆకుపచ్చ. మొత్తము ఎన్ని మెట్లని అడిగినచో పదునేడని కొందరు, ఇరువదిమూడని కొందరు చెప్పుదురు, ఆమెను అడుగగా “లెక్కపెట్టుకుంటా కూసుంటే పనెప్పుడు చేసేది?” అనినది.

నా వ్యాసములోని పదునొకండు వందల పదములను తలచుకొంటిని. ఎంత ఎరుపు పోసితినో! పటికమాత్రము ఒక్కచోటను పెట్టలేదు.

గోడకు చేరువగా చాపమీద పరచియుండిన గుడ్డ కన్నప్పది. మా యూరివారికి ఈ కథ ఊపిరివంటిది. ఊరిప్రక్క కొండయు ఆయన పేరిటిదే. ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమున తిన్నని కథగా విస్తరించి చెప్పెను. శివలింగమున కంటినుండి నెత్తురు కారుటను చూచి, వేటకాడైన ఆ తిన్నడు తన కంటిని అమ్ముతో పెకలించి దానికి అతికెను. అంతలో రెండవ కన్నును కారజొచ్చెను. తన రెండవ కంటినికూడ తీసినచో ఇక చూపుండదు గదా, ఆ చోటు తెలియుటకై కాలిని శివుని కంటిపై నుంచి, అమ్ము నెత్తెను. అంతట శివుడు వారించెను. ఈ గుడ్డలో నున్నది ఆ క్షణము. నేను మర్యాదకై, చాల బాగున్నదమ్మా యంటిని.

“యాడ బాగుండాది అయ్యవారూ? కాలు చూడండి” అనినది.

చూచితిని. కాలువలెనే యున్నది.

“కాలు మోపినట్టుండాల. తొక్కినట్టుండకూడదు. ఇది తొక్కినట్టుండాది. పదకొండుసార్లు వేసినాను, ఒకసారి గూడా కుదరలేదు. బొగ్గుతో వేసినప్పుడు కుదురుతాది. నల్లగీత పెట్టేటప్పుడు చెయ్యి బరువైపోతాది.”

మహాశయులారా, ముప్పదియైదేండ్లు నేను తిన్నని కథను పాఠము చెప్పితిని. భక్తి, ముగ్ధత్వము, ఆత్మార్పణము అని మూడు మాటలను నల్లబల్లమీద వ్రాసెడివాడను. పాదమును మోపుటకును త్రొక్కుటకును గల భేదములోనే ఆ కథ యంతయు నిలిచియున్నదని నాకెన్నడును తట్టలేదు. బరువు కొంచెము హెచ్చినచో అది అపచారము. కొంచెము తగ్గినచో ఆ పాదము గుర్తుగా నిలువదు, గాలిలో తేలిపోవును. ఇదియంతయు ఒక నల్లగీత మందములో తేలవలెను. ఎనిమిదవ తరగతితో చదువు మానిన బాలిక పదునొకండు గుడ్డలమీద ఈ వ్యాఖ్యానము నడుపుచుండగా, నేను అరుగుమీద సమాసములు కట్టుచుంటిని.

అక్కడనే కూర్చుండి, “ఇప్పుడు చెప్పినదే మరల చెప్పు, వ్రాసికొందును” అంటిని. ఇది గదా చెప్పవలసిన మాట యని నే ననగా, ఆమె సందేహించినది. రాలేదని చెప్పుకొన్నచో గుడ్డనెవరు తీసికొందురని ఆమె భయము. కొంత వాదము జరిగినది. నేను గెలిచితినని చెప్పను. పొయ్యిమీది కాగు పొంగుచుండుటచే ఆమె వాదమును సగములో విడిచి లేచినది. తుదకు నేను వ్రాసికొన్నది యిది:

“పదహారో ఏట కలం పట్టినాను. ఇప్పుడు యాభై రెండు. బొమ్మలు చానా వేసినాను గాని, కన్నప్ప బొమ్మ మాత్రం పదకొండు సార్లు వేసినాను. శివుడి కంటిమీద కన్నప్ప కాలు మోపినట్టుండాల, తొక్కినట్టుండకూడదు. పదకొండు సార్లలో ఒకసారి గూడా అది నాకు కుదరలేదు. నల్లగీత ఒకసారి పడితే దిద్దేదానికి లేదు. ఈ గుడ్డ పదకొండోది. కాలు చూసి చెప్పండి.”

నలుబది యొక్క పదములు. ఇంటికి వచ్చి శుద్ధప్రతి తీయునప్పుడు ‘చానా’ను ‘చాల’ గావింపవలెనని నా చేయి ఎంత తహతహలాడినదో భగవంతుని కెరుక. ‘ఉండాల’ యన్నచోట ‘ఉండవలెను’ అని ఒకసారి వ్రాసి, కొట్టివైచి, మరల ఆమె మాటనే వ్రాసితిని. నా జీవితమున నేను చేసిన సంస్కరణములలో ఏ మార్పును చేయకుండ ముగిసినది అదియొక్కటియే. ఆయాసము మాత్రము దానికే హెచ్చు పట్టినది.

గుడ్డయు కాగితమును మీలో ఒకరికి పోయినవి. గుడ్డ ఎంపికయైనది, అందులకు మీకు కృతజ్ఞుడను. ప్రదర్శనము జరుగుచుండగా ఆమె రైలెక్కి నగరమునకు పోయి, తన గుడ్డ ప్రక్కన గోడకు అంటించిన చీటిని సెల్‌ఫోనులో ఫొటో తీసికొని వచ్చి, నాకు చూపినది. “శ్రీకాళహస్తి ప్రాచీన కలంకారీ సంప్రదాయమునకు వారసురాలైన ఈ కళాకారిణి, నిష్కల్మషమైన భక్తిభావమును సహజవర్ణములలో ఆవిష్కరించినారు” అని యున్నది. కాలు లేదు. పదకొండు లేదు. పదహారు, యాబదిరెండు లేవు. నేను చదివి మొగమెత్తునప్పటికి ఆమె నన్నే చూచుచున్నది. “అయ్యవారూ, ఇది మీరు రాసినట్టే ఉండాదే!” అనినది.

ఆమె నన్ను నిందింపలేదు, నిజముగనే అడిగినది. నేనే మొదటి వ్యాసమును మీకు పంపితినేమోయని ఆమె యనుమానము. పంపలేదని ప్రమాణపూర్వకముగా చెప్పవలసి వచ్చినది.

తరువాత నేను మీ కార్యాలయమునకు ఫోను చేసితిని. మాటాడినవారు మర్యాదస్థులు. గోడమీది చీటికి స్థలము చాలదనియు, ఎల్లరి ప్రకటనములను కుదింపవలసివచ్చెననియు, కళాకారులు తమ లోపమును తామే చెప్పుకొన్నచో సందర్శకులకు చిన్నచూపు కలుగుననియు, ఆమె మేలు కోరియే అట్లు చేసితిమనియు చెప్పిరి. మేలు కోరిరనుట నేను నమ్ముచున్నాను. అయితే లెక్కను మాత్రము ఒప్పుకొనజాలను. ఆమె ఇచ్చినవి 41 పదములు, మీరడిగినవి 150. ఆమె ఇంకను నూటతొమ్మిది పదముల బాకీని మీకు మిగిల్చియే పంపినది. కుదించుట వేరు, మార్చుట వేరు; మీ చీటిలో ఆమె మాట ఒక్కటియైనను లేదు గనుక దానిని కుదింపు అనుటకు నా వ్యాకరణము ఒప్పదు.

తిరిగి వ్రాయుటయందు నాకు వైముఖ్యమున్నదని తలపకుడు. గురజాడ అప్పారావుగారు 1897లో ప్రకటించిన కన్యాశుల్కమును 1909 నాటికి ఎంతగా తిరుగవ్రాసిరనగా, మనము నేడు చదువుకొను నాటకము ఆ రెండవదే. మొదటిదానిని పరిశోధకులు మాత్రము తీసి చూతురు. ఆయన తగ్గింపలేదు, పెంచెను. పెంచుటయో తగ్గించుటయో అది పనినిబట్టి యుండును; కాని ఆ పని చేసిన చేయి ఆయనదే. ఇది నా శిష్యురాలికిని ఎరుకయే. బొగ్గుగీతను ఆమె ఎన్నిసార్లయినను చెరిపి గీయును. అరచేతితో తుడిచి, దులిపి, మరల గీయును. అది ఆమె స్వేచ్ఛ. కసిం పెట్టినపిదప మరొకరు వచ్చి దిద్దుదుమనినచో కలమిచ్చునా?

నా ప్రార్థనము పెద్దది కాదు. స్థలము చాలనపుడు తగ్గింపుడు, తగ్గింపక తప్పదు. తగ్గించునపుడు మాత్రము ఆ పనివారు తమచేత చేసినదానిని, చేయలేకపోయినదానిని చెప్పిన వాక్యమేదో వెదకి, దాని నుంచి, మొదట తక్కినదానిని తీయుడు. విశేషణములను తీసినచో ఎవరికిని నొప్పి కలుగదు. వానిని ఏ వస్త్రమునుండి తీసి ఏ వస్త్రమునకు తగిలించినను ఒక్కతీరుననే యుండును. మచిలీపట్టణపు అద్దకమునకును, మధుబని చిత్రమునకును, మా కన్నప్పకును ‘ప్రాచీన సంప్రదాయ వారసత్వము’ సమానముగనే సరిపోవును. ‘తొక్కినట్టుండకూడదు’ అన్న మాట ప్రపంచమున ఒకే గుడ్డకు సరిపోవును. సాధ్యమైనచో, తగ్గించిన చీటిని ముద్రించుటకు ముందు వారికొకసారి ఫోనులో చదివి వినిపింపుడు. చదువురానివారికిని చెవులుండును.

లోపము చెప్పుకొన్నచో చిన్నచూపు కలుగునను మాటను గూర్చి ఒక్క సంగతి. ఆ ప్రదర్శనమునకు పోయినవారిలో మా యూరి కళాశాల అధ్యాపకుడొకడు కన్నప్ప ముందు ఎంతసేపు నిలిచితివని నేనడుగగా, చీటి చదివి ముందునకు సాగితినని చెప్పెను. ఆమె చెప్పిన నలుబది యొక్క పదములను నేనతనికి అరుగుమీద చదివి వినిపించితిని. అతడు కొంతసేపూరకుండి, ఆ కాలెట్లుండెనో తనకు జ్ఞాపకమే లేదనియు, మరల చూడవలెననియు అనెను. అప్పటికి ప్రదర్శనము ముగిసి, గుడ్డ అమ్ముడుపోయియుండెను. ఎవరు కొనిరో, వారు ఆ కాలిని చూచిరో లేదో, ఆమెకు తెలియదు. “కాలు చూసి చెప్పండి” అన్నదానికి ఇంతవరకు జవాబు రాలేదు.

నేను ఈ లేఖ వ్రాయుచున్నానని చెప్పగా ఆమె వలదనలేదు. “రాస్తే రాయండి గాని చిన్నదిగా రాయండి” అని మాత్రము అనినది. ఆ మాటను నేను పాటింపలేకపోయితిని, చూచుచునే యున్నారు.

పన్నెండవ కన్నప్ప ఇప్పుడామె చాపమీద నున్నాడు. మొన్న పోయి చూచితిని. పాత గుడ్డలలో, దేవాలయములకై గీసినవానిలో, ఒక్కొక్క బొమ్మకడ ఆ ఘట్టమేదో తెలుపుచు తెలుగులో పంక్తియో పద్యమో వ్రాయు ఆచారమొకటి కలదు. ఇటీవల చాలమంది దానిని విడిచిరి. ఆమెయు విడిచియుండెను. ఈసారి గుడ్డ అడుగున, లతల అంచుకు పైని, రెండంగుళముల బద్దీ ఖాళీగా నుంచి, అందు కసింతో, గుండ్రని అక్షరములతో, ఆ నలుబది యొక్క పదములను తానే వ్రాసినది. ‘పదకొండు’ ఉన్నచోటులందు ‘పన్నెండు’ అని మార్చినది, తక్కినది ఉన్నదున్నట్లు. ‘చానా’ కూడ అట్లే యున్నది. నలుపెక్కినది. కాలికి మాత్రము ఇంకను నల్లగీత పెట్టలేదు, బొగ్గుతోనే యున్నది.

ఈ గుడ్డయు మీ ప్రదర్శనములలో ఒకదానికి వచ్చును. కడపటి గడిని ఈసారి ఖాళీగా వదలి పంపుచున్నాము.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
శ్రీకాళహస్తి.